గోదాములో సరకు, కంప్యూటర్‌లో లెక్క: రెండూ కలిసేలా ఈఆర్‌పీ నడపడం ఎలా?

హైదరాబాద్ ట్రూప్ బజార్‌లో విద్యుత్ సామాన్లు టోకున అమ్మే దుకాణం అది. 2.5 చదరపు మిల్లీమీటర్ల ఎర్ర వైరు 12 కాయిళ్లు ఉందని కౌంటర్ మీది కంప్యూటర్ చూపిస్తోంది. నగర శివారున కొంపల్లి అవతల ఉన్న గోదాముకు ఫోను చేస్తే స్టోర్‌కీపర్ ర్యాక్ దాకా వెళ్లి చూసి వచ్చి, "నాలుగే ఉన్నాయి సార్" అన్నాడు. అతని బల్ల మీది పొడవాటి నోటు పుస్తకంలో మాత్రం ఏడు ఉన్నాయి. యజమాని నా వైపు తిరిగి, "ఇంత డబ్బు పోసి పెట్టించింది ఇందుకేనా?" అన్నారు. కొనుగోలు, నిల్వ, అమ్మకం, ఖాతాలు అన్నిటినీ ఒకేచోట నడిపే ఆ ఈఆర్‌పీ సాఫ్ట్‌వేర్‌ను అక్కడ పెట్టింది నేనే. ఏమీ మాట్లాడకుండా బండి తీసి కొంపల్లి దారి పట్టాను.

ఆ మూడు అంకెలకూ ఒక్కో కారణం ఉందని సాయంత్రానికి తేలింది. అవేమిటన్నది కొలతల దగ్గర చెబుతాను. టాలీ అనే లెక్కల సాఫ్ట్‌వేర్ నుంచో, ఎక్సెల్ షీట్ల నుంచో ఈఆర్‌పీకి మారుతున్న వ్యాపారులకు, మారాక తల పట్టుకున్నవారికి ఈ మార్గదర్శి. ఈఆర్‌పీనెక్స్ట్, ఓడూ, శాప్ అనే ఈఆర్‌పీ సాఫ్ట్‌వేర్లలో తెరలు వేరుగా ఉన్నా పని వరస మాత్రం ఒకటే. సరకు చేతులు మారిన క్షణానికీ ఎంట్రీ పడిన క్షణానికీ మధ్య ఎంత ఎడం ఉంటే లెక్క అంతగా తప్పుతుంది. కింది పనులన్నీ ఆ ఎడాన్ని తగ్గించడానికే.

మొదటి పని: కంప్యూటర్ కట్టేసి గోదాములో నడవండి

ఒక పూర్తి రోజు గోదాములోనే గడపండి. పొద్దున్నే సరకుతో డీసీఎం వ్యాను వచ్చినప్పుడు హమాలీలు పెట్టెలను ఎక్కడ దించుతున్నారు? వాటిని ఎవరు లెక్కపెడుతున్నారు? చలానా మీద సంతకం లెక్కకు ముందా, తరువాతా? కొనుగోలుదారుడు వెనక్కి పంపిన సరకు ఏ మూలన పడి ఉంది? సరకు కాసేపైనా ఆగే ప్రతి చోటునూ ఒక కాగితం మీద గీసుకోండి. సాధారణంగా దించే చోటు, తనిఖీ చోటు, ర్యాక్‌లు, ప్యాకింగ్ బల్ల, పంపడానికి సిద్ధంగా పెట్టే చోటు, వాపసుల మూల, పాడైన సరకు మూల తేలతాయి. ఇవన్నీ సాఫ్ట్‌వేర్‌లో విడివిడి స్థానాలు కావాలి.

చాలామంది 'మెయిన్ గోదాము' అని ఒక్కటి సృష్టించి ఊరుకుంటారు. వాపసు వచ్చిన పగిలిన ఫ్యాన్లూ, అమ్మకానికి సిద్ధంగా ఉన్న కొత్త ఫ్యాన్లూ అక్కడ ఒకే అంకెలో కలిసిపోతాయి. సేల్స్ కుర్రవాడు ఆ అంకె చూసి ఖాతాదారుకు మాట ఇచ్చేస్తాడు.

మరిచిపోకుండా సృష్టించాల్సిన ఇంకో స్థానం 'దారిలో'. పగలు పెద్ద లారీలను నగరం నడిబొడ్డుకు రానివ్వరు. అందుకని చాలా దుకాణాలకు శివారు గోదాముల నుంచి సరకు సాయంత్రం బయలుదేరి, దుకాణంలో మర్నాడు ఉదయం లెక్కకు వస్తుంది. ఆ రాత్రంతా అది ఎవరి ఖాతాలో ఉన్నట్టు? 'దారిలో' అనే స్థానం ఉంటే గోదాము పంపినప్పుడు ఒక ఎంట్రీ, దుకాణం అందుకున్నప్పుడు ఇంకో ఎంట్రీ పడతాయి. మధ్యలో పెట్టె తగ్గితే ఆ తేడా అక్కడే నిలబడి కనిపిస్తుంది.

ర్యాక్‌లకు వరుస, ర్యాక్, అర అనే క్రమంలో 'బి-04-3' లాంటి పేర్లు పెట్టండి. పెద్ద అక్షరాలతో, నిలబడిన మనిషి కంటికి అందే ఎత్తులో అంటించండి. 'గోడ పక్క ర్యాక్' లాంటి పేర్లు వద్దు. పాత స్టోర్‌కీపర్ మానేసిన రోజున ఏ గోడో చెప్పేవారు ఉండరు.

రెండో పని: వస్తువుల పట్టిక

'వైరు 2.5 ఎరుపు', 'ఎర్ర వైరు 2.5', '2.5 రెడ్' అని ఒకే వస్తువుకు ముగ్గురు మూడు పేర్లు పెడితే, నివేదికలో మూడింటిలోనూ నిల్వ తక్కువగా కనిపిస్తుంది. కొనుగోలు విభాగం మళ్లీ ఆర్డరు పెడుతుంది. డబ్బంతా ర్యాక్‌ల మీద కూర్చుంటుంది. కాబట్టి పేరు కూర్చే క్రమం ముందే రాసి గోడకు అంటించండి: వస్తువు, కొలత, రంగు, తయారీదారు. కొత్త వస్తువును సృష్టించే అధికారం ఒక్కరికే ఇవ్వండి. కౌంటర్‌లో ఉన్నవారికి మాత్రం ఇవ్వకండి. తొందరలో ఉన్నవాడు పాతది వెతకడు, కొత్తది సృష్టిస్తాడు.

జీఎస్టీ కోసం సరకు రకాన్ని తెలిపే హెచ్‌ఎస్‌ఎన్ కోడ్ కూడా ఇక్కడే పడాలి. వైర్లకు 8544, స్విచ్‌లకూ, కరెంటు ఎక్కువైతే ఆపేసే ఎంసీబీలకూ 8536, ఫ్యాన్లకు 8414. ఏడాది టర్నోవరు 5 కోట్ల రూపాయలు దాటితే బిల్లు మీద ఆరు అంకెల కోడ్ ఉండాలి.

ఏ వస్తువును ఎలా గుర్తుపెట్టుకోవాలన్నదీ ఇప్పుడే తేల్చండి. స్విచ్‌లకు సంఖ్య చాలు. వారంటీ ఉన్న ఇన్వర్టర్లకు సీరియల్ నంబరు కావాలి. జీడిమెట్లలో మందుల ముడిసరకు నిల్వ చేసేవారికైతే బ్యాచ్ నంబరు, గడువు తేదీ లేకుండా కుదరదు. లావాదేవీలు మొదలయ్యాక ఈ అమరికను మార్చడం చాలా సాఫ్ట్‌వేర్లలో వీలుపడదు, లేదా నానా అవస్థలు పడాలి.

మూడో పని: కొలతలు. ఇక్కడ తొందర పడకండి

నేను చూసిన పెద్ద తప్పుల్లో సగం ఇక్కడ పుట్టినవే. ఇళ్లలో వాడే వైరు మన దగ్గర సాధారణంగా 90 మీటర్ల కాయిల్‌గా వస్తుంది. కొనేది కాయిళ్లలో, అమ్మేది కాయిళ్లలోనూ మీటర్లలోనూ. కొనుగోలు కొలత కాయిల్, నిల్వ కొలత మీటరు, ఒక కాయిల్ అంటే 90 మీటర్లు అని సాఫ్ట్‌వేర్‌కు చెప్పాలి. నా తొలి రోజుల్లో ఒకచోట నిల్వ కొలతను కాయిల్‌గానే వదిలేశాను. గుమాస్తా బిల్లులో 1,800 మీటర్లు అని చూసి 1,800 అని కొట్టాడు. వచ్చినవి 20 కాయిళ్లు, లెక్కలోకి ఎక్కినవి 1,800 కాయిళ్లు. నెలాఖరున నిల్వ విలువ చూసిన ఆడిటర్ నవ్వారు. నాకు మాత్రం నవ్వు రాలేదు.

అయితే మీటర్లలో పెడితే అంతా సరిపోతుందా? ట్రూప్ బజార్ దుకాణంలో అలాగే పెట్టాను. కంప్యూటర్‌లో ఉన్నది 1,080 మీటర్లు, 90తో భాగిస్తే 12. గోదాములో కూర్చుని లెక్కపెడితే ఇలా తేలింది: నిండు కాయిళ్లు నాలుగు, అంటే 360 మీటర్లు. దుకాణానికి ముందు రోజు సాయంత్రం ట్రాలీ ఆటోలో వెళ్లిన రెండు కాయిళ్లు 180 మీటర్లు, అక్కడ ఇంకా విప్పలేదు. అడుగు అరలో కట్టలు కట్టి పెట్టిన ముక్కలు 410 మీటర్లు, వాటిలో పొడవైనది 35 మీటర్లు. మిగిలిన 130 మీటర్లు నిజంగానే లేవు. స్టోర్‌కీపర్ పుస్తకంలోని ఏడేమిటంటే, పంపిన రెండింటినీ, ఉదయం కోయడానికి విప్పిన ఒకదాన్నీ అతను ఇంకా కొట్టివేయలేదు.

అసలు పాఠం ఆ 410 మీటర్లలో ఉంది. మీటర్ల లెక్కన సరకు ఉంది. కానీ అతుకు లేకుండా 40 మీటర్లు కావాలన్న ఎలక్ట్రీషియన్‌కు ఆ ముక్కలు ఎందుకూ పనికిరావు. అప్పటి నుంచి వైర్లు, కేబుళ్లు, పైపులు, గుడ్డల తానులు అమ్మేవారికి నేను ఒకటే చెబుతున్నాను: నిండు కాయిల్‌ను ఒక వస్తువుగా, కోసిన వైరును వేరే వస్తువుగా పెట్టండి. మొదటిదానికి కొలత కాయిల్, రెండోదానికి మీటరు. కాయిల్ విప్పిన ప్రతిసారీ ఒక కాయిల్ తగ్గి 90 మీటర్లు పెరిగేలా ఎంట్రీ వేయండి. ఈఆర్‌పీనెక్స్ట్‌లో దీనికి 'రీప్యాక్' అనే స్టాక్ ఎంట్రీ ఉంది. ఒక ఎంట్రీ అదనం అవుతుంది, నిజమే. కానీ కౌంటర్‌లో ఉన్నవాడికి నిండు కాయిళ్లు ఎన్నో, ముక్కలు ఎంతో ఫోను చేయకుండానే తెలుస్తుంది. పది మీటర్ల కన్నా తక్కువ మిగిలిన ముక్కలను నెలకోసారి తుక్కు స్థానానికి మార్చండి.

నాలుగో పని: తొలి నిల్వ ఎక్కించడం

పాత సాఫ్ట్‌వేర్‌లోని అంకెలను కొత్తదానిలోకి ఎత్తిపోయకండి. పాత తప్పులు కొత్త ఇంట్లో కాపురం పెడతాయి. ఒక ఆదివారం గోదాము మూసి, రాకపోకలన్నీ ఆపి, చేత్తో లెక్కించండి. ఇద్దరేసి మనుషుల జట్లు రెండు చేయండి. రెండు జట్లూ విడివిడిగా లెక్కపెట్టాలి, తేడా వచ్చిన అరను మూడోసారి చూడాలి. లెక్కించేవారి చేతిలో కంప్యూటర్ అంకె ఉండకూడదు. 48 అని కాగితం మీద ముందే ఉంటే, 46 పెట్టెలు చూసినవాడు కూడా 48 అనే రాస్తాడు. అందులో మోసం ఉండదు, అలసట ఉంటుంది.

మార్చి 31నే మారాలన్న పట్టుదల వద్దు. ఆ వారంలో అకౌంట్స్ విభాగానికి ఊపిరాడదు. ఏ నెలాఖరైనా సరిపోతుంది. శనివారం రాత్రి వరకు వచ్చినవీ వెళ్లినవీ పాత లెక్కలోనే పడాలి, సోమవారం మొదటి లారీ కొత్త లెక్కలో పడాలి. ఆ గీత చెరగకపోతే చాలు.

పరిమాణంతో పాటు ధరా ఎక్కించాలి. నిల్వ విలువ కట్టే పద్ధతిని కూడా మొదటి ఎంట్రీకి ముందే ఎంచుకోవాలి. ముందు వచ్చింది ముందు పోయినట్టు లెక్కించే ఫిఫో గానీ, సగటు ధర గానీ పెట్టుకోవచ్చు. చివర వచ్చింది ముందు పోయినట్టు లెక్కించే లిఫో కొన్ని సాఫ్ట్‌వేర్లలో కనిపిస్తుంది కానీ, మన అకౌంటింగ్ ప్రమాణం ఏఎస్ 2 దాన్ని ఒప్పుకోదు. రాగి ధర తరచూ మారే వైర్ల వ్యాపారంలో సగటు ధర పద్ధతి గుమాస్తాకూ యజమానికీ సులువుగా అర్థమవుతుందని నా అనుభవం.

ఐదో పని: సరకు వచ్చినప్పుడు

కొనుగోలు ఆర్డరు, సరకు స్వీకరణ పత్రం, సరఫరాదారు బిల్లు అనే ఈ మూడూ సరిపోలితేనే డబ్బు చెల్లించాలి. సరకు కదలికలకు శాప్‌లో అంకెలుంటాయి. కోచింగ్ సెంటర్లకు పేరుపడ్డ అమీర్‌పేటలో శాప్ కోర్సు చేసిన ఏ కుర్రవాడిని నిద్రలో లేపి అడిగినా 101 అంటే సరకు స్వీకరణ, 261 అంటే ఉత్పత్తికి ఇవ్వడం, 601 అంటే ఖాతాదారుకు పంపడం అని చెబుతాడు. ఆ అంకెలు కంఠస్థమైనా, లారీ దిగే చోట నిలబడటం రాకపోతే ప్రయోజనం లేదు.

డీసీఎం ఆగింది. ఏం చేయాలి? చలానా చేతిలో పట్టుకుని, దించుతుండగానే పెట్టెలు లెక్కించాలి. తక్కువ ఉన్నా, నలిగినా డ్రైవరు కాపీ మీదే రాసి అతనితో సంతకం పెట్టించాలి. బండి కదిలాక చేసే ఫిర్యాదుకు విలువ తక్కువ. తరువాత ట్యాబ్‌లోనో ఫోనులోనో అక్కడికక్కడే స్వీకరణ ఎంట్రీ వేయాలి, అదీ 'తనిఖీ' స్థానంలోకి. సాయంత్రం తీరిగ్గా అన్ని చలానాలూ కలిపి ఎంట్రీ వేసే అలవాటు ఉంటే, ముందు దాన్ని మాన్పించండి. మధ్యాహ్నం వచ్చిన సరకు సాయంత్రానికల్లా అమ్ముడైపోతే, కంప్యూటర్ దృష్టిలో లేని సరకును అమ్మినట్టవుతుంది.

ఓడూలో సరకు స్వీకరణను ఒకటి, రెండు, మూడు అంచెల్లో పెట్టుకోవచ్చు. విద్యుత్ సామాన్ల దుకాణానికి రెండు చాలు. మందుల ముడిసరకుకు మూడు కావాలి: దించడం, నాణ్యత తనిఖీ, ర్యాక్. అక్కడ పరీక్షలో ఉన్నదానికి పసుపు, ఆమోదించినదానికి ఆకుపచ్చ, తిరస్కరించినదానికి ఎరుపు చీటీ అంటించడం వాడుక. సాఫ్ట్‌వేర్‌లోని స్థానం, పీపా మీది చీటీ రంగు ఎప్పుడూ ఒకే మాట చెప్పాలి.

ఆరో పని: బార్‌కోడ్‌లు

స్కానింగ్‌లో వరస ముఖ్యం. మొదట అర బార్‌కోడ్, తరువాత వస్తువు, ఆఖరున సంఖ్య. తయారీదారు ముద్రించిన పదమూడు అంకెల బార్‌కోడ్ ఉంటే దాన్నే వాడుకోండి. మన దేశంలో బార్‌కోడ్ నంబర్లు ఇచ్చే సంస్థ జీఎస్1 ఇండియా ఇచ్చినవి 890తో మొదలవుతాయి. లేనివాటికి మీరే ముద్రించుకోవాలి.

ఇక్కడ ఒక చిన్న విషయం పెద్ద నష్టం తెస్తుంది. రిబ్బన్ అక్కరలేని థర్మల్ లేబుళ్లు చవక. కానీ రేకుల షెడ్డు కింద ఏప్రిల్, మే నెలల ఎండకు అవి నల్లబడో, గీతలు వెలిసిపోయో స్కానర్‌కు అందవు. ర్యాక్‌ల మీద ఏళ్ల తరబడి ఉండాల్సిన లేబుళ్లను రిబ్బన్ ప్రింటర్ మీదే తీయండి. రెండు రోజుల్లో పోయే పార్సిల్ చీటీలకు చవక రకం చాలు. అలాగే, రోజుకు వందల పెట్టెలు కదిలే చోట ఫోను కెమెరాతో స్కానింగ్ చేయించకండి. మూడో రోజుకల్లా విసుగెత్తి మళ్లీ నోటు పుస్తకం తెరుస్తారు.

ఏడో పని: సరకు పంపడం

ఆర్డరు ఖాయం కాగానే ఆ మేరకు సరకు రిజర్వు కావాలి. లేకపోతే ఒకే పది పెట్టెలను ఇద్దరు సేల్స్ కుర్రవాళ్లు అమ్మేస్తారు. తరువాత ఏ ర్యాక్ నుంచి ఏది తీయాలో చెప్పే జాబితా ముద్రించి, ర్యాక్‌ల వరుస ప్రకారం సరకు తీయించండి. గడువు ఉన్న సరకులో ముందు వచ్చినది కాదు, ముందు గడువు తీరేది మొదట పోవాలి. సాఫ్ట్‌వేర్‌లో దీన్ని ఫెఫో అంటారు. నిల్వ తగ్గాల్సింది సరకు గేటు దాటినప్పుడు, డెలివరీ పత్రంతో. బిల్లుతో తగ్గిస్తే, బిల్లు ఈరోజు కొట్టి సరకు ఎల్లుండి పంపే మన అలవాటు వల్ల రెండు రోజులు ర్యాక్ ఒక మాట, కంప్యూటర్ ఇంకో మాట చెబుతాయి.

సరకు విలువ 50,000 రూపాయలు దాటితే, రవాణాకు ముందు ఆన్‌లైన్‌లో తీసుకునే ఈ-వే బిల్లు తప్పదు. తెలంగాణలో రాష్ట్రం లోపలి రవాణాకు ఇది 2018 ఏప్రిల్ 15 నుంచి అమల్లో ఉంది. సాధారణ సరకుకు ప్రతి 200 కిలోమీటర్లకు ఒక రోజు చొప్పున గడువు ఉంటుంది. అంటే వరంగల్‌కు ఒక రోజు, దాదాపు 300 కిలోమీటర్ల దూరంలోని ఆదిలాబాద్‌కు రెండు రోజులు. సొంత గోదాము నుంచి సొంత దుకాణానికి పంపినా ఈ పరిమితి వర్తిస్తుందన్న సంగతి చాలామందికి చలానా రాసేదాకా గుర్తుండదు. ఒకే జీఎస్టీ నంబరు కింద ఉన్న రెండు చోట్ల మధ్య పన్ను పడదు, డెలివరీ చలానా చాలు. అయితే ఆ గోదామును జీఎస్టీ రిజిస్ట్రేషన్‌లో అదనపు వ్యాపార స్థలంగా చేర్చి ఉండాలి.

వాపసులు, పాడైనవి

వాపసు వచ్చిన సరకును నేరుగా ర్యాక్ ఎక్కించకండి, వాపసుల స్థానంలోకే రానివ్వండి. పాడైన సరకును లెక్కల నుంచి కొట్టివేసేటప్పుడు దాని మీద తీసుకున్న ఇన్‌పుట్ పన్ను క్రెడిట్‌ను, అంటే కొన్నప్పుడు కట్టిన పన్నుకు దొరికిన మినహాయింపును కూడా వెనక్కి కట్టాలి. జీఎస్టీ చట్టం సెక్షన్ 17(5) ప్రకారం పోయిన, దొంగతనానికి గురైన, నాశనమైన, కొట్టివేసిన సరకుకు, ఉచిత శాంపిళ్లకు కూడా క్రెడిట్ లేదు. కాబట్టి ప్రతి కొట్టివేతకూ కారణం నమోదయ్యేలా చూడండి.

ఎనిమిదో పని: మైనస్ నిల్వకు తలుపు మూయండి

లేని సరకును అమ్మనివ్వాలా వద్దా అన్నది చాలా సాఫ్ట్‌వేర్లలో ఒక అమరిక. సేల్స్ వాళ్లు వచ్చి, "సరకు కళ్ల ముందే ఉంది, కంప్యూటర్ బిల్లు కొట్టనివ్వడం లేదు, ఖాతాదారు నిలబడి ఉన్నారు" అని ఒత్తిడి తెస్తారు. యజమాని తెరిచేయమంటారు. తెరవకండి. సరకు కళ్ల ముందు ఉండి కంప్యూటర్‌లో లేదంటే స్వీకరణ ఎంట్రీ పడలేదన్నమాట. ఐదు నిమిషాలు పట్టినా ఆ ఎంట్రీ వేయించండి. తలుపు తెరిస్తే మైనస్ అంకెలు పేరుకుపోయి సగటు ధరనూ పాడు చేస్తాయి. లాభం ఎంతో నెలాఖరున ఎవరికీ తెలియదు. ఈ ఒక్క విషయంలో నేను యజమానులతో గొడవ పడ్డాను, ఇకముందూ పడతాను.

తొమ్మిదో పని: మళ్లీ ఎప్పుడు కొనాలి

నిల్వ ఎంతకు దిగితే మళ్లీ ఆర్డరు పెట్టాలో ఆ పరిమితిని సాఫ్ట్‌వేర్‌లో రాసే గడులను, మూడు నెలల లావాదేవీలు పడేదాకా ఖాళీగా వదిలేయండి. ఆ తరువాత లెక్క సులువు. రోజుకు సగటున 40 ఎంసీబీలు అమ్ముడై, ఆర్డరు పెట్టాక రావడానికి 7 రోజులు పడితే 280 కావాలి. ఆలస్యాలకు ఇంకో 120 కలపండి. నిల్వ 400కు దిగినప్పుడు సాఫ్ట్‌వేర్ హెచ్చరించాలి.

ఫ్యాన్లు, కూలర్లకు మాత్రం ఏడాది సగటును నమ్మకండి. హైదరాబాద్‌లో ఫిబ్రవరి ఆఖరుకే ఎండ ముదురుతుంది. అప్పటికి సరకు ర్యాక్ మీద ఉండాలంటే, సంక్రాంతి సెలవుల తరువాతి వారంలోనే ఆ పరిమితిని చేత్తో పెంచి, వానలు మొదలయ్యాక దించండి.

పదో పని: రోజూ కొంచెం లెక్కించడం

ఏడాదికోసారి అంతా లెక్కించేకన్నా రోజుకు పది వస్తువులు లెక్కించడం మేలు. తేడా నిన్నటిదైతే కారణం దొరుకుతుంది, తొమ్మిది నెలల నాటిదైతే దొరకదు. విలువలో పెద్ద వాటాగల కొద్ది వస్తువులను నెలకోసారి, మధ్యరకం వాటిని మూడు నెలలకోసారి, స్క్రూలు, క్లిప్పుల్లాంటివాటిని ఏడాదికి రెండుసార్లు లెక్కించండి. లెక్కించినవాడు, సర్దుబాటు ఎంట్రీ వేసినవాడు ఒక్కరే కాకూడదు. సర్దుబాటుకు ముందు కారణం వెతకాలి: కొలత తప్పా, అర తప్పా, ఎంట్రీ మరిచారా, నిజంగానే పోయిందా? యాభై వస్తువులు చూస్తే ఎన్ని సరిపోయాయో ప్రతి వారం గోదాము గోడ మీది బోర్డులో రాయండి. బోర్డు కాన్ఫరెన్స్ గదిలో ఉంటే ఎవరూ చూడరు.

నోటు పుస్తకం సంగతి మిగిలింది. మొదటి రోజునే దాన్ని లాక్కోకండి. స్టోర్‌కీపర్‌కు అది తన కాపుదల. తేడా వస్తే నింద తన మీద పడుతుందన్న భయంతోనే దాన్ని రాసుకుంటాడు. ఒక నెల రెండూ నడవనివ్వండి, రోజూ సాయంత్రం రెండింటినీ అతనితోనే సరిపోల్చించండి. తెర మీది మాటలను తెలుగులోకి మార్చే వీలుంటే మార్చండి, లేకపోతే అతను రోజూ నొక్కే నాలుగు బటన్ల అర్థం తెలుగులో రాసి బల్లకు అంటించండి. కొంపల్లి గోదాములో ఇందుకు ఏడు వారాలు పట్టింది. ఆ పొడవాటి పుస్తకం ఇప్పటికీ అదే బల్ల మీద ఉంది. అందులో ఇప్పుడు హమాలీల కూలి లెక్క రాస్తున్నాడు.